పాత ఫోర్ వీల్ బండి కొంటున్నారా? ముందు టేపు పట్టండి: జీపు, ఎమ్మెమ్ 540, జిప్సీల్లో మీకు సరిపోయేది ఏది

హైదరాబాద్ చుట్టుపక్కల కాస్త పొలం ఉన్న వాళ్లలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. వెనక సామాను వేసుకోవడానికి వీలుండే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి కావాలి. వారమంతా కాలనీలోనో అపార్ట్‌మెంటు సెల్లార్లోనో ఉండాలి. ఆదివారం పొద్దున్నే మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ వైపు బయల్దేరాలి. నాలుగు ఎరువు బస్తాలు, ఒక చుట్ట డ్రిప్ పైపు, పాడైన బోరు మోటారు వేసుకుని తిరగాలి. వానాకాలంలో బురదలో దిగబడకుండా గట్టుదాకా పోవాలి. కోరిక మంచిదే, అందుకు తగ్గ బండ్లు ఇంకా దొరుకుతున్నాయి కూడా.

కొనడానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది మాత్రం ఇంజిను ఏది, రేటెంత అని. ఆ తర్వాత పెయింటు చూస్తారు. నన్నడిగితే అవన్నీ తర్వాతి సంగతులు. ముందు తెలుసుకోవాల్సినవి రెండే. ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఎంత వీల్‌బేస్‌తో, అంటే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఎంత దూరంతో వచ్చింది? దానికి కంపెనీ ఇచ్చిన టైరు సైజు ఏది? ఇంజిను మార్చొచ్చు, పెయింటు మళ్లీ వేయించొచ్చు. కానీ ఆ బండికిచ్చిన గేర్లు, బ్రేకులు, స్టీరింగు అన్నీ ఈ రెండు కొలతలను బట్టి పెట్టినవే. వాటిని కదిపితే తక్కినవన్నీ లెక్క తప్పుతాయి.

మన దగ్గర దొరికేవి

విల్లిస్ పికప్, డాడ్జ్ పవర్ వ్యాగన్ లాంటి పేర్లు ఫొటోల్లో చూసి ఆశపడేవాళ్లు ఉన్నారు. నిజంగా గొప్ప బండ్లే. విల్లిస్ పికప్ 1947 నుంచి 1965 దాకా తయారైంది, వీల్‌బేస్ 118 అంగుళాలు, అంటే దాదాపు 3 మీటర్లు. పవర్ వ్యాగన్‌ది 126 అంగుళాలు, 3.2 మీటర్లు. దానికి మామూలుగా 7.50-16 టైర్లు (మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో), కావాలన్నవాళ్లకు 9.00-16 ఇచ్చేవారు. పోల్చుకోవడానికి చెబుతున్నా, ఇన్నోవా క్రిస్టా వీల్‌బేస్ 2.75 మీటర్లే. అంత పొడుగు బండిని పవర్ స్టీరింగ్ లేకుండా మెహదీపట్నం గల్లీలో తిప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. పైగా అవి మన దగ్గర అమ్మకానికి రావడమే అరుదు. లాండ్ రోవర్ సిరీస్ బండ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. 88 అంగుళాల పొట్టి బండికి 6.00-16, 109 అంగుళాల పొడుగు బండికి 7.50-16 వచ్చేవి. అల్యూమినియం బాడీ కాబట్టి రేకు తుప్పు పట్టదు, కానీ ఇనుప ఛాసిస్ లోపలినుంచి తినేసుకుంటుంది. విడిభాగాలు తెప్పించుకునే ఓపిక, డబ్బు ఉంటేనే అటు చూడండి.

మిలిటరీ వేలంలో బయటికొచ్చిన జోంగా కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. నిస్సాన్ పట్రోల్ 60 నమూనా మీద జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన బండి అది. 3,956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిను. దాని బలం చూసి మనసు పారేసుకోవడం సులువు, పెట్రోల్ బంకులో నిలబడ్డప్పుడు తెలుస్తుంది. వారానికోసారి పొలానికి పోయే మనిషికి అది అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంకో మాట. పాత పికప్ అనగానే జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్‌ను గుర్తు చేసుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన నేల మీద పుట్టిన బండి కాబట్టి ఆ అభిమానం నాకూ ఉంది. కానీ అది చిన్న లారీ, వెనక చక్రాలే లాగుతాయి. నల్లరేగడిలో అది సాయపడదు.

కాబట్టి అసలు పోటీ మూడింటి మధ్యే. ఒకటి పాత పొట్టి జీపు, అంటే విల్లిస్ లేదా మహీంద్రా సీజే-3బీ. రెండోది మహీంద్రా ఎమ్మెమ్ 540. మూడోది మారుతి జిప్సీ సాఫ్ట్ టాప్, అంటే గుడ్డ టాపుది.

పొట్టి జీపు: 80 అంగుళాలు, 6.00-16

యుద్ధకాలం నాటి విల్లిస్ ఎంబీ అయినా, ఆ తర్వాత ఎత్తు బానెట్‌తో వచ్చిన సీజే-3బీ అయినా వీల్‌బేస్ 80 అంగుళాలే, అంటే 2,032 మిల్లీమీటర్లు. మొత్తం పొడవు 3.3 మీటర్లకు అటూఇటూ. ఆల్టో కంటే పొట్టి. పాతబస్తీ గల్లీల్లో, సెల్లార్ పిల్లర్ల మధ్య దీన్ని తిప్పినట్టు ఇంకేదీ తిప్పలేం. అమెరికాలో సీజే-3బీ తయారీ 1968తో ఆగిపోయినా, మహీంద్రా ఇక్కడ చాలాకాలం అదే రూపంలో చేస్తూ వచ్చింది. అందుకే భాగాలు ఇప్పటికీ పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో అడిగితే దొరికే అవకాశం ఉంది.

టైరు 6.00-16. నాలుగున్నర అంగుళాల సన్నటి రిమ్ము. చూడ్డానికి బక్కగా ఉంటుంది, ఇప్పటివాళ్లకు నచ్చదు. కానీ వానలో చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పొలాల్లోకి దిగి చూడండి. పైన నాలుగు వేళ్ల బురద, కింద గట్టి నేల ఉన్నచోట సన్న టైరు బురదను కోసుకుంటూ కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. వెడల్పు టైరు పైపైన తేలి జారుతుంది. లోతు తెలియని తడి నల్లరేగడి మాత్రం వేరే కథ, అక్కడ సన్న టైరు ఇరుసుదాకా కూరుకుపోతుంది. మీ పొలం ఏ నేలో మీకే తెలియాలి.

దీని కష్టాలూ చెప్పాలి. సీజే-3బీ ఇరుసు గేరు నిష్పత్తి 5.38, షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే లాగడానికి పెట్టిన గేరే తప్ప పరిగెత్తడానికి కాదు. గంటకు 60 కిలోమీటర్ల లోపు హాయిగా ఉంటుంది, ఆ పైన ఇంజిను అరుపు వినాల్సిందే. బ్రేకులు నాలుగూ 9 అంగుళాల డ్రమ్ములు. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల మధ్య దీన్ని తోలడం నాకైతే ఇష్టం ఉండదు. అప్పా జంక్షన్ నుంచి పాత చేవెళ్ల రోడ్డు పట్టుకుని నెమ్మదిగా పోయేవాళ్లకు ఇది సరైన బండి. వెనక జాగా కూడా తక్కువ, మూడు నాలుగు బస్తాలకే నిండిపోతుంది. చిన్న ట్రైలర్ తగిలించుకుంటేనే సరుకు బండి అవుతుంది.

ఎమ్మెమ్ 540: 91 అంగుళాలు

పొట్టి జీపుకు 11 అంగుళాలు కలిపితే ఎమ్మెమ్ 540. వీల్‌బేస్ 91 అంగుళాలు, 2,311 మిల్లీమీటర్లు. టైరు మళ్లీ 6.00-16 కొలతే. పెజో డిజైన్‌తో చేసిన 2,112 సీసీ డీజిల్ ఇంజిను. వేగం ఉండదు, కానీ నిదానంగా ఎంత దూరమైనా లాగుతుంది, దాన్ని విప్పి బిగించగల మేస్త్రీలు ఆటోనగర్‌లోనే కాదు, తాండూరు, పరిగి లాంటి ఊళ్లలోనూ ఉంటారు. ఈ కారణం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆదివారం సాయంత్రం బండి దారిలో ఆగినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఆ 11 అంగుళాల తేడా ఎక్కడ పనికొస్తుందంటే, సరుకు బరువు వెనక ఇరుసుకు అవతల వేలాడకుండా ఇరుసుకు ముందు పడుతుంది. పొట్టి జీపులో వెనక బస్తాలేస్తే ముందు చక్రాలు తేలికై, స్టీరింగు తేలిపోతున్నట్టుంటుంది. 540లో ఆ భయం తక్కువ. పొలం పనే ముఖ్యం అనుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

జిప్సీ: 2,375 మిల్లీమీటర్లు, 15 అంగుళాల రిమ్ము

1985 డిసెంబర్‌లో వచ్చిన జిప్సీకి 970 సీసీ ఇంజిను. 1993లో చక్రాల మధ్య వెడల్పు 90 మిల్లీమీటర్లు పెంచి వైడ్ ట్రాక్ చేశారు, ముందు 1,300, వెనక 1,310. 1996లో 1,298 సీసీతో జిప్సీ కింగ్ వచ్చింది, 2000లో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిను, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది. కొనేటప్పుడు ఈ నాలుగు ఘట్టాల్లో మీ చేతికొచ్చింది ఏదో తేల్చుకోండి. 1993కు ముందు బండి ఇరుకు ట్రాక్‌ది. మూలమలుపుల్లో అది ఒరిగే తీరు వేరు. అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాళ్లు వైడ్ ట్రాక్ కంటే పాతదాని జోలికి పోకపోవడమే మంచిది.

పొడవు 4,010, వెడల్పు 1,540, నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లు. మొదట్లో ఎఫ్78-15 నైలాన్ టైర్లు, రేడియల్ అయితే 205/70ఆర్15. ఖాళీ బండి బరువు టన్నుకు అటూఇటూ. ఈ తేలికతనమే దాని బలం. బురదలో దిగబడినా నలుగురు మనుషులు తోస్తే బయటికొస్తుంది. మూడింటిలో హైవే మీద కాస్తో కూస్తో నిబ్బరంగా నడిచేదీ ఇదే. పెట్రోల్ బండి కాబట్టి ఖర్చు ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. కార్బురేటర్ జిప్సీ అయితే పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు మార్పించుకోవడం మరిచిపోవద్దు.

ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లకు, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లకు ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి జిప్సీలు చవగ్గా ఇటొస్తుంటాయి. ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకున్నాకే చవకో కాదో తేల్చండి.

టైరు విషయంలో జరిగే పొరపాట్లు

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే బండి పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

6.00-16 కావాలని ఏ పల్లెటూరి టైరు దుకాణంలో అడిగినా వెంటనే తీసిస్తారు. చవగ్గానే ఇస్తారు. కానీ అది ట్రాక్టర్ ముందు టైరు. మన ట్రాక్టర్లకు ముందు చక్రాల కొలత కూడా 6.00-16 కావడంతో ఈ గందరగోళం. పక్కగోడ మీద ఎఫ్-2 అని రాసి ఉన్నా, చుట్టూ మూడు గట్లు నిలువుగా పరిగెడుతున్నా అది ట్రాక్టర్‌దే. ఆ టైర్లు గంటకు 30, 40 కిలోమీటర్ల వేగానికి తయారైనవి. జీపుకు వేసి 60లో పోతే వేడెక్కి పగులుతాయి. పైగా ఆ గట్లు పక్కలకు జారకుండా చేసినవి, బ్రేకు పట్టడానికీ లాగడానికీ కాదు. రూపాయి మిగులుతుందని ముందు రెండింటికీ ఇవి, వెనక రెండింటికీ జీపు టైర్లు వేసుకున్న బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఫోర్ వీల్ వేసినప్పుడు ఆ బండిలో ఏం జరుగుతుందో చూడండి. ఈ పాత బండ్లలో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఇంజిను బలాన్ని రెండింటికీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకటిగా బిగుసుకుంటాయి, రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. ముందు టైరు, వెనక టైరు చుట్టుకొలతలు తేడాగా ఉంటే ఒకటి ఎక్కువ దూరం పోవాలంటుంది, ఇంకొకటి వద్దంటుంది. బురదలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద సర్దుకునే దారి లేక ఆ ఒత్తిడంతా గేర్ల పళ్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. లివర్ తిరిగి టూ వీల్‌లోకి రాక బిగుసుకుపోవడం దీని మొదటి గుర్తు.

రెండో పొరపాటు పెద్ద టైర్లు. జిప్సీ 205/70ఆర్15 టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. లెక్క తేలికే. టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 143.5, దాన్ని రెండింతలు చేసి 15 అంగుళాల రిమ్ము అంటే 381 కలపండి. ఇప్పుడు ఫ్యాషన్‌గా వేసే 31 అంగుళాల టైరు ఎత్తు 787. దాదాపు 18 శాతం ఎక్కువ. మీటరు 60 చూపిస్తుంటే బండి 70 మీద పోతుంటుంది, లాగే శక్తి అంతమేరకు తగ్గుతుంది, బ్రేకులు ఆపాల్సిన చక్రం బరువు పెరుగుతుంది. ఇంతా చేసి నేల నుంచి పెరిగే ఎత్తు ఆ తేడాలో సగమే, 6 సెంటీమీటర్లు కూడా కాదు. ఇన్ని పోగొట్టుకుని అది కొనుక్కోవడం నాకు సబబనిపించదు.

జీపులకు 7.50-16 వేసేవాళ్లదీ ఇదే దారి. అది తేలికపాటి లారీలకు వేసే సైజు, కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. కానీ 6.00-16 కంటే ఎత్తు సుమారు పది శాతం ఎక్కువ, సన్న రిమ్ము మీద సరిగా కూర్చోదు, చక్రం పూర్తిగా తిప్పితే కమాన్ పట్టీలకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది.

మార్చక తప్పదనుకుంటే ఒక మంచి దారి ఉంది. 235/75ఆర్15 టైరు ఎత్తు 733 మిల్లీమీటర్లు, 6.00-16కు చాలా దగ్గర. 15 అంగుళాల రిమ్ము మీద దీన్ని వేస్తే జీపుకు గేరు లెక్క, మీటరు లెక్క తప్పవు, రేడియల్ పట్టు దొరుకుతుంది. రిమ్ము వెడల్పు కనీసం 6 అంగుళాలుండాలి. విల్లిస్ జీపుకూ జిప్సీకీ చక్రం బోల్టుల వలయం ఒకటే, ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు. అలాగని దీని రిమ్ము దానికి నేరుగా బిగించకండి. నడిమి రంధ్రం హబ్బు మీద సరిగ్గా కూర్చుంటుందా, నట్టు సీటు కుదురుతుందా చూసుకున్నాకే తోలండి.

టైరు వయసు కూడా చదవండి. పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. పాత బండికి కొత్తగా కనిపించే టైర్లున్నాయంటే చాలాసార్లు అవి తిరగక నిలబడి ఎండినవే. గట్లు నిండుగా ఉంటాయి, వాటి సందుల్లో వేలు పెట్టి విప్పితే సన్నటి పగుళ్లు బయటపడతాయి.

టేపు పట్టే పద్ధతి

బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి స్టీరింగు నిటారుగా పెట్టండి. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుదారం ఒకటి పట్టుకెళ్లండి. ముందు హబ్బు నడిమి నుంచి దారం వదిలి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి, వెనక హబ్బుకీ అలాగే. రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. తర్వాత రెండో వైపు. రెండు వైపులా ఒకే కొలత రావాలి. అర అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే కమాన్ పట్టీల నడిమి బోల్టు తెగి ఇరుసు జరిగిందో, ఛాసిస్ ఎప్పుడో దెబ్బతిన్నదో అనుకోవాలి.

ఇప్పుడు ఆర్సీ తీసి చూడండి. అందులో వీల్‌బేస్ అని ఒక గడి ఉంటుంది, మిల్లీమీటర్లలో. అక్కడ 2,032 అని ఉండి మీ టేపు 2,311 చూపిస్తే ఒకదాని కాగితాలు ఇంకోదానికి పెట్టారన్నమాట. పొడుగు జీపుల ఛాసిస్ కోసి, అతికి, ముందు విల్లిస్ ముఖం పెట్టి అమ్మడం మనదేశంలో పెద్ద వ్యాపారం. హరియాణాలోని మండీ డబ్వాలీ ఈ మార్పుల జీపులకే పేరుపడింది. అతుకు ఉన్నచోట రేకు దళసరిగా, పెయింటు మందంగా ఉంటుంది, కింద పడుకుని టార్చి వేస్తే వెల్డింగు గీత దొరుకుతుంది. అలాంటి బండి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ఇది కాగితాల చాదస్తం కాదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారు తరగతి బండ్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. కొలతలు తప్పిన బండితో ఆ లైన్లో నిలబడడం ఎందుకు?

యాభై ఏళ్లు దాటిన జీపయితే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉండాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఆ నంబరు మీద ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప రోజువారీగా తిరగడానికి వీల్లేదు. బస్తాలు వేసుకుని పొలానికి పోవాలనుకునేవాళ్లకు అది పనికిరాదు. జిప్సీలకు 2035 దాకా ఆ ప్రశ్నే రాదు.

ఎవరికి ఏది

ఇంటి ముందు గల్లీ ఇరుకు, సెల్లార్లో జాగా తక్కువ, పొలం నలభై కిలోమీటర్ల లోపు, సరుకు కొంచెమే, పైగా ఆ పాత బండి మీద మనసు ఉందనుకుంటే సీజే-3బీ తీసుకోండి. 6.00-16 జీపు టైర్లే వేయించండి. సరుకు ఎక్కువ, పొలం లోపలి దారి గుంతలమయం, వేగంతో పని లేదంటే ఎమ్మెమ్ 540. వికారాబాద్ దాటి పోవాలి, హైవే తప్పదు, ఇంట్లోవాళ్లూ ఎక్కుతారంటే 1993 తర్వాతి జిప్సీ, వీలైతే 2000 తర్వాతిది. చిన్నపిల్లలు ఎక్కేలా ఉంటే వెనక బెంచీ సీట్లను మాత్రం నమ్మకండి, వాళ్లను ముందుకు చూసే సీట్లలోనే, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.

ఏది కొన్నా టైర్లు నాలుగు కాదు, ఐదు ఒకేసారి తీసుకోండి, ఒకే కంపెనీవి, ఒకే డిజైన్‌వి. పాత స్టెప్నీ ఒక్కటి అలాగే ఉంచి, పంక్చర్ అయినరోజు దాన్ని ముందు చక్రానికి వేసి, ఫోర్ వీల్‌లో గట్టెక్కబోతే పైన చెప్పిన ట్రాన్స్‌ఫర్ కేసు గొడవ మళ్లీ మొదలవుతుంది. అయిదింటినీ వరుసగా చోటు మారుస్తూ వాడితే అన్నీ ఒకేలా అరుగుతాయి.